మన్యం పీహెచ్‌సీ: సిస్టర్‌కి ఐదు స్టార్లు, క్వార్టర్స్‌కి ఒకటి

అల్లూరి జిల్లాలో ఓ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), పేరు వద్దులెండి. మా వదిన కాన్పుకి మూడు రోజులున్నాం. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. స్టాఫ్ నర్సు తన సెల్‌ఫోన్ టార్చి ఆయా చేతిలో పెట్టి, "ఏం కాదమ్మా, ఊపిరి పీల్చు" అంటూనే బిడ్డను తీసి, తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. ఆ చేతుల్లో ఒక్క వణుకు లేదు.

తెల్లారాక టీ తాగుతుంటే చెప్పింది, వచ్చే నెల వెళ్లిపోతోందట. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం ఎప్పుడు పడుతుందో తెలీదు, కూతురేమో విజయనగరంలో అమ్మమ్మ దగ్గర. క్వార్టర్స్ చూశాను: మంచం పక్కన వాన నీళ్లకి బకెట్టు, తలుపుకి గొళ్లెం బదులు తాడు. నైట్ డ్యూటీ చేసొచ్చిన ఆడపిల్ల అక్కడ ఎలా నిద్రపోతుందండీ?

లెక్క ప్రకారం కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ. కానీ బిల్డింగ్ కట్టేస్తే సరిపోదు కదా. పల్లెల్లో పెరిగినవాళ్లనే చదివించి తీసుకోండి, ఉండటానికి మంచి ఇల్లివ్వండి, ప్రమోషన్ దారి చూపించండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. మన దగ్గర మాత్రం నోటిఫికేషన్ మీద నోటిఫికేషన్ వేస్తారు, ఆ గొళ్లెం మాత్రం పెట్టించరు (నూట యాభై రూపాయలు కూడా కాదు).

మందులు అన్నీ ఇచ్చారు, ఎవరూ చెయ్యి చాచలేదు. వెళ్లేవాళ్లు టార్చిలైటు, తాగే నీళ్లు పట్టుకెళ్లండి.