బీఐ 2536 రివ్యూ: సరుకు మంచిదే, 24 గంటల ఎంటీటీని మాత్రం నమ్మొద్దు

క్యాన్సర్ కణాల మీద ల్యాబ్ ప్రయోగాల్లో వాడే ఈ మందు అనంతపురంలో మా ల్యాబ్‌కి ఎండాకాలంలో వచ్చింది. సప్లయర్ ఐస్ ప్యాక్ పెట్టి సరిగ్గానే పంపాడు, కొరియర్ వాళ్లు వీకెండంతా గోడౌన్లో పడేసుకుని సోమవారం తీరిగ్గా తెచ్చిచ్చారు, అప్పటికి ప్యాక్ గోరువెచ్చని నీళ్లయిపోయింది. పొడి కాబట్టి బతికిపోయాం. పని బాగానే చేసింది. అదే డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపి అమ్మే రకం అయ్యుంటే నాకు ఇంకా టెన్షన్ ఉండేది, మన ఊళ్లలో పొడే తెప్పించుకోండి.

ఇది పీఎల్‌కే1 అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు రెండు వైపులా స్పిండిల్ కట్టడానికి ఆ ఎంజైమే ఆధారం, అది ఆగితే కణం గుండ్రంగా ఉబ్బి మధ్యలోనే నిలబడిపోతుంది. పీసీ-3 అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద వేసి మర్నాడు పొద్దున మైక్రోస్కోప్ కింద పెడితే ప్లేటంతా మెరిసే గుండ్రటి కణాలే, డీయూ145 అనే ఇంకో ప్రోస్టేట్ రకంలో కూడా అంతే. ఎంజైమ్ మీద దీని ఐసీ50 (పనిని సగానికి తగ్గించే మోతాదు) 0.83 నానోమోలార్, చాలా క్యాన్సర్ కణాల పెరుగుదల 25 నానోమోలార్ లోపలే సగానికి పడిపోతుంది, అంటే మైక్రోమోలార్లలో పోయాల్సిన పని లేదు.

చిక్కంతా కొలవడంలో ఉంది. 24 గంటలకి ఎంటీటీ (బతికున్న కణాలని రంగు మార్పుతో కొలిచే పరీక్ష) చేస్తే కంట్రోల్‌కీ (మందు వేయని కణాలకీ) దీనికీ పెద్ద తేడా కనపడదు, మందు డూప్లికేటేమో అని సప్లయర్‌కి ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. ఆగిపోయిన కణం ఇంకా చావలేదు కదా, మైటోకాండ్రియా నడుస్తూనే ఉంటాయి, పసుపు రంగుని ఊదాగా మారుస్తూనే ఉంటాయి. పైగా ఎల్ఎన్‌క్యాప్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు రెట్టింపు కావడానికే రెండు రోజుల పైన పడుతుంది, ఒక్క రోజుకి కంట్రోల్ మాత్రం ఎంత పెరుగుతుంది? 72 గంటలు ఆగండి. ఫ్లో సైటోమెట్రీ (కణాలని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలవడం) చేస్తుంటే తేలిన కణాల మీడియం పారబోయకండి, మీకు కావాల్సిన కణాలు ఎక్కువగా ఉండేది అందులోనే.

ఒక స్టార్ తగ్గించింది ఇందుకు: ఇది పీఎల్‌కే1తో ఆగదు. బీఆర్‌డీ4 అనే ప్రోటీన్‌ని కూడా 25 నానోమోలార్ దగ్గరే పట్టుకుంటుందని 2014లో బయటపడింది. ప్రోస్టేట్ వాళ్లకి ఇది చిన్న విషయం కాదు, మగ హార్మోన్‌కి స్పందించే ఆండ్రోజన్ రిసెప్టర్ తన జీన్లని నడిపించడానికి బీఆర్‌డీ4 సాయం తీసుకుంటుంది. ఎల్ఎన్‌క్యాప్‌లో 100 నానోమోలార్ వేసి ఆ రిసెప్టర్ నడిపించే పీఎస్ఏ ప్రోటీన్ తగ్గింది కాబట్టి అదంతా పీఎల్‌కే1 మహిమే అని రాస్తే రివ్యూయర్ ఊరుకోడు. వోలాసెర్టిబ్ అనే ఇంకో పీఎల్‌కే1 మందుకి మారినా తప్పించుకోలేరు, అదీ ఈ కుటుంబమే. తక్కువ డోస్‌లో ఉండండి, పక్కన పీఎల్‌కే1 జీన్‌ని అణిచే ఎస్ఐఆర్ఎన్ఏ పెట్టండి, వీలైతే బీఆర్‌డీ4ని అడ్డుకునే జేక్యూ1 ఒక వెల్‌లో (ప్లేటు గుంటలో) వేయండి.

ఐదుకి నాలుగు. 10 మిల్లీగ్రాములకి 1.92 మిల్లీలీటర్ల డీఎంఎస్‌ఓ పోస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది, చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి, వెల్‌లో డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకూడదు, కంట్రోల్‌కీ అంతే పోయాలి. నానోమోలార్లలో వాడే సరుకు కదా, ఆ ఒక్క వయల్ పీహెచ్‌డీ అయిపోయినా మిగులుతుంది, పక్క ల్యాబ్ వాళ్లతో కలిసి కొనుక్కోండి.