తల్లికి వందనం డబ్బులు: పడ్డాయి సరే, ఏ ఖాతాలో?

బడికెళ్లే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుకు అర్హుల జాబితాలో పేరుంది. ప్రభుత్వ సేవల 'మన మిత్ర' వాట్సాప్‌ను అడిగితే డబ్బులు జమ అయ్యాయనే చెబుతోంది. బ్యాంకుకెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే పైసా లేదు. దీనికి ముందున్న అమ్మ ఒడి మొదలైన 2020 జనవరి నుంచి విశాఖ జాలరిపేటల్లో, కొండవాలు కాలనీల్లో ఆడపిల్లల కాగితాల పని చూస్తున్నాం. పథకం పేరు మారింది, లెక్క మారింది, ఈ తద్దినం మాత్రం పోలేదు.

డబ్బు వచ్చేది తల్లి రాసిచ్చిన ఖాతా నంబరుకు కాదు, ఆమె ఆధార్ నంబరుకు. ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు పంపాలో రాసి ఉండే పట్టీ ఎన్‌పీసీఐ మ్యాపర్. అందులో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది. చివరగా ఎవరు ఎక్కించుకుంటే డబ్బు వాళ్ల దగ్గరికే పోతుంది. నాలుగు ఖాతాలకు ఆధార్ ఇచ్చినా మిగతా మూడూ లెక్కలోకి రావు. జనం పొరబడేది ఇక్కడే. ఖాతాకు ఆధార్ లింకవడం వేరు, మ్యాపర్‌లోకి ఎక్కడం (సీడింగ్) వేరు. కౌంటర్లో "లింకయిందమ్మా" అన్నారంటే మొదటి పని ఒక్కటే జరిగి ఉండొచ్చు.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బడులు తెరిచేది జూన్ 12న. పథకం డబ్బు పడే వేళకు మత్స్యకారుల ఇంట్లో అప్పు తప్ప ఏమీ మిగలదు. 2025 జూన్‌లో అలాంటి ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిలకు 26 వేలు రావాలి. తలకు 15 వేలే గానీ 2 వేలు బడి నిర్వహణకు పోతాయి. తల్లేమో డ్వాక్రా పొదుపున్న ఖాతా చూసుకుంటోంది. మైఆధార్ సైట్లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' తెరిస్తే వేరే బ్యాంకు పేరు, కిందటి నవంబరు తేదీ కనిపించాయి. గ్రూపు లోను ఇచ్చేటప్పుడు ఏజెంటు గుమ్మంలోనే వేలిముద్ర వేయించుకుని తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతా అది. పాస్‌బుక్ లేదు, కార్డు లేదు. వేట లేని రెండు నెలల్లో కట్టని వారం వాయిదాలన్నీ అందులోంచి కట్ అయ్యాయి. మిగిలింది చేతికొచ్చేసరికి జూలై. తప్పు జరిగిందని చూపడానికి ఒక్క కాగితం లేదు. అన్నిచోట్లా ఆమె వేలిముద్రే ఉంది.

అందుకే ఈ పని మే నెలలోనే చూసుకోవాలి. సీడింగ్ స్టేటస్‌లో బ్యాంకు పేరు, యాక్టివ్ అని ఉందా లేదా, తేదీ, ఈ మూడూ చూడాలి. ఖాతా నంబరు అక్కడ కనిపించదు. వేరే బ్యాంకు ఉంటే, తల్లి వాడుకునే బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం నింపి, పాత బ్యాంకు నుంచి మార్చమనే గడిలో ఆ బ్యాంకు పేరు రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం మూలన పడుతుంది. వారం ఆగి మళ్లీ చూసుకోవాలి. ఓటీపీ వెళ్లే నంబరు మరిదిదో, ఎప్పుడో పోయిన సిమ్‌దో అయితే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి దాన్ని మార్పించాలి.

రొయ్యలు ఒలిచే, ఎండుచేపలకు ఉప్పు పట్టించే చేతులకు వేలిముద్ర సరిగా పడదు. సచివాలయంలో ఈకేవైసీకి మిషన్‌తో నాలుగుసార్లు కుస్తీ పట్టేకంటే ఐరిస్ గానీ ముఖం గానీ తీయమని అడగడం మేలు. బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్‌తో తీస్తే ఒక విడతకు 10 వేలకు మించదు కాబట్టి 13 వేలకు రెండుసార్లు వేలిముద్ర వేయాలి. ఏటీఎం కార్డు తీసుకుని ఉంచుకోండి.

మెచ్చుకోవాల్సినదీ ఉంది. అమ్మ ఒడిలో తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే డబ్బు. ఇప్పుడు ఎంతమంది చదివితే అంతమందికి. ఇంట్లో రెండో ఆడపిల్ల చదువుకూ ఓ ధర పలికింది, చేదుగా ఉన్నా అదే నిజం. 95523 00009కు వాట్సాప్ చేస్తే స్థితి తెలియడం కూడా బాగుంది, సచివాలయం చుట్టూ తిరుగుడు తగ్గింది. అయితే అది ఏ బ్యాంకులో పడిందన్న దగ్గర అక్కరకు రావడం లేదు. ఆ వాట్సాప్ ఉన్న ఫోనూ చాలా ఇళ్లలో తండ్రి జేబులోనే ఉంటుంది. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందని డబ్బు ఆపితే మీటరు ఎవరి ఆధార్‌కు కట్టి ఉందో చూడండి. నాలుగు వాటాలకు ఒకే మీటరున్న ఇళ్లు ఆరిలోవలో బోలెడు.

పాడేరు వైపు నుంచి బంధువుల ఇంటికొచ్చి చదివే అమ్మాయిలకు అసలు చిక్కు డ్రాప్‌బాక్స్ (బడి మారే పిల్లల పేర్లుండే ఆన్‌లైన్ జాబితా) దగ్గర. పాత బడి ఆన్‌లైన్‌లో పిల్లను డ్రాప్‌బాక్స్‌లోకి వదిలితేనే కొత్త బడి తీసుకోగలదు. టీసీ కాగితం ఇచ్చి ఆ బటన్ నొక్కడం మరిచారంటే పిల్ల రోజూ బడికొస్తున్నా లెక్కలో పాత ఊళ్లోనే ఉంటుంది. టీసీ తీసుకున్న రోజే హెడ్మాస్టరు ముందు కూర్చుని ఆ పని చేయించండి, పిల్లకుండే శాశ్వత విద్యా నంబరు (పెన్) రాయించుకోండి.

75 శాతం హాజరు షరతు మీద మాకు పెద్ద భ్రమల్లేవు. 220 పనిదినాల్లో 55 రోజులు మానేసినా డబ్బుకు ఢోకా లేదు. పెళ్లిచూపుల కోసం మూడు వారాలు బడి మాన్పించిన పిల్లను ఈ లెక్క పట్టుకోలేదు. ఆ పని క్లాసు టీచరుదే.

తల్లి పేరుతో, తల్లి చేతిలో ఖాతా, ఫోనూ రెండూ ఉంటే ఈ పథకానికి అయిదుకు నాలుగు మార్కులు వేస్తాం. ఊరు మారిన పిల్లకు రెండు. పది పాసైన అమ్మాయికి ఎంత వేయాలో తేలడం లేదు. ఇంటర్ మొదటి ఏడాది వాళ్లకు 2025లో డబ్బులు పడింది రెండో విడతలో, జూలైలో. కాలేజీలో చేరాలా వద్దా అన్నది ఇళ్లలో జూన్‌లోనే తేలిపోతుంది.