అన్నం ధారాళం, కూర కొసరు: హనుమకొండలో ఒక మెస్ భోజనం తూచి చూస్తే

హనుమకొండలో నయీంనగర్ నుంచి కేయూ క్రాస్ రోడ్డుకు వెళ్లే దారిలో, హాస్టళ్ల మధ్య ఉన్న ఈ మెస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కుర్చీ దొరకడం కష్టం. కోచింగ్ విద్యార్థులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, పని మీద పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఒకే బల్ల మీద కూర్చుని తింటారు. ఫుల్ మీల్స్ ధర 110 రూపాయలు. ఆ ధరకు ఎంత అడిగితే అంత అన్నం, ఒక పప్పు, ఒక వేపుడు, ఒక కూర, సాంబారు, పచ్చిపులుసు, ఒక పచ్చడి, అప్పడం, చిన్న కప్పుతో పెరుగు ఇస్తారు.

రుచి విషయంలో నాకు ఫిర్యాదు లేదు. చుక్కకూర పప్పులో పులుపు, కారం ఒకదాన్నొకటి మింగకుండా నిలబడతాయి. పోపులో వెల్లుల్లి మాడదు. పచ్చిపులుసును ఏ పూటకాపూట కలుపుతారు కాబట్టి ఉల్లిగడ్డ ముక్క పంటి కింద కరకరలాడుతుంది. ఇంటికి దూరంగా ఉండి చదువుకునే పిల్లలకు ఇలాంటి చోటు ఒకటి ఉండడం మంచిదని మనస్ఫూర్తిగా అంటాను. నేను ఇక్కడ చూడదలచింది మరొకటి: ఎదిగిన మనిషి ఒకరు రోజూ ఇదే భోజనం చేస్తే, పళ్లెంలో పడే పాళ్లు పోషకాహార నిపుణులు చెప్పే పాళ్లకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది.

ఇందుకు కొలమానం మన దగ్గరే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున 2024 మేలో భారతీయుల కోసం సవరించిన ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. రోజుకు 2000 కిలో క్యాలరీలు అవసరమయ్యే మనిషికి ఆ సంస్థ సూచించే పళ్లెంలో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం, చేపలు కలిపి 85 గ్రాములు. ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పండ్లు 100 గ్రాములు. పల్లీలు, నువ్వుల వంటివి 35 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు ఉంటాయి. ఈ ధాన్యాలు, పప్పులు, కూరగాయల లెక్కలు వండకముందు బరువులేనని, అవి ఒక పూటకు కాక రోజు మొత్తానికి చెప్పినవని గుర్తుంచుకోవాలి.

మెస్‌లో కూర్చుని తూచలేం కాబట్టి పార్శిల్ తెచ్చుకుని వంటింటి కాటా మీద పెట్టాను. వెండిరంగు కవరు విప్పితే అన్నం ఇటుకలా గట్టిగా ఒత్తి ఉంది. గిన్నెలోకి తీసి విడదీస్తే ఇద్దరికి సరిపోయేటంత అయింది. బరువు 640 గ్రాములు. సన్నబియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది గనుక ఇది సుమారు 235 గ్రాముల బియ్యం అనుకోవచ్చు. అంటే రోజంతటికీ చెప్పిన ధాన్యం దాదాపుగా ఈ ఒక్క పార్శిల్‌లోనే వచ్చేసింది. ఇక పొద్దున తిన్న ఇడ్లీ, దోశ, రాత్రి తినబోయే అన్నం అదనమే అవుతాయి. ముడి వేసిన చిన్న కవరులో పప్పు 140 గ్రాములుంది, కానీ అందులో నీళ్లు, చుక్కకూర పోగా కందిపప్పు నా అంచనాలో పాతిక, ముప్పై గ్రాములకు మించదు. ఆలుగడ్డ వేపుడు 60 గ్రాములు, వంకాయ కూర 90 గ్రాములు తూగాయి. ఆలుగడ్డలో ఉండేది ప్రధానంగా పిండిపదార్థమే కాబట్టి దాన్ని అన్నం పక్కకు చేరిస్తే, కూరగాయ అని చెప్పుకోదగ్గది ఆ వంకాయ, సాంబారులో తేలే నాలుగు సొరకాయ ముక్కలు మాత్రమే. పెరుగు కప్పులో 70 గ్రాములుంది. పండు లేదు, ఒక మెస్ నుంచి దాన్ని ఆశించడం కూడా న్యాయం కాదు.

ఈ అన్నం అందరికీ ఎక్కువేనా అంటే కాదు. ఐసీఎంఆర్ 2020 అంచనాల ప్రకారం 65 కిలోల బరువుండి కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2110 కిలో క్యాలరీలు చాలు, అదే బరువుతో బండచాకిరీ చేసే పురుషుడికి 3470 కావాలి. 55 కిలోల స్త్రీకి ఈ అంకెలు 1660, 2720. ఎనుమాముల మార్కెట్‌లో పొద్దంతా మిర్చి బస్తాలు మోసే హమాలీకి ఈ పార్శిల్ అన్నం అక్కరకొస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికి, రీడింగ్ రూములో పుస్తకం ముందు నుంచి కదలని అభ్యర్థికి ఇదే హస్తంతో ఇదే కొలత పెట్టడమే చిక్కు. ఈ అన్నం ఒక్కటే ఎనిమిది వందల కిలో క్యాలరీలకు పైన ఇస్తుంది; కూర్చుని పనిచేసే స్త్రీకి అది రోజు అవసరంలో సగం.

మెస్ యజమానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ అన్నం ఎన్నిసార్లు అడిగినా ఊరికే పెడతారు, కూర రెండోసారి అడిగితే ఎక్స్‌ట్రా కింద 20 రూపాయలు వేస్తారు. బియ్యం కన్నా కూరగాయలకు, నూనెకు, పప్పుకు ఖర్చెక్కువ కాబట్టి ఏ మెస్ వాళ్లైనా ఇలాగే లెక్క వేసుకుంటారు; తినేవాళ్లు కూడా అన్నం బకెట్ ఎన్నిసార్లు వచ్చిందన్నదాన్ని బట్టే పెట్టుపోతలను మెచ్చుకుంటారు. ఆ మెప్పు కారంగా ఉన్న గరిటెడు కూరతో పళ్లెడు అన్నం కలుపుకునే అలవాటుకు దారి తీసింది. వడ్డించే అన్నను "అన్నం సగమే వెయ్యి, పప్పు ఇంకో గరిటె వెయ్యి" అని అడిగితే, ఆయన ఆప్యాయంగానే "గింతేనా సార్? అన్నం మస్తున్నది, మంచిగ తినుండ్రి" అంటూ మరో హస్తం వేసేశాడు. వద్దని చేయి అడ్డం పెట్టాక పప్పు కూడా వేశాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

వేపుడు తీశాక గిన్నె అడుగున నిలిచిన నూనెను చూస్తే, రోజుకు చెప్పిన 27 గ్రాముల్లో, అంటే ఐదారు చిన్న చెంచాలలో, మంచి భాగం ఇక్కడే ఖర్చవుతున్నట్టు తెలుస్తుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదంటారు. రక్తపోటు ఉన్నవాళ్లు ఇక్కడి అప్పడాన్ని, పచ్చడిని పక్కన పెట్టడం మేలు.

ఈ మెస్‌లో నాకు బాగా నచ్చింది రాత్రి భోజనం. ఏడు గంటల నుంచి బయట కట్టెల పొయ్యి మీద ఒకామె జొన్నరొట్టెలు చేస్తుంది. పిండిలో వేడినీళ్లు పోసి కలిపి, అరచేత్తో తడుతూ తిప్పుతూ, అంచు పగలకుండా పళ్లెమంత చేసి పెనం మీద వేస్తుంది. పైన తడిబట్టతో అద్ది, తిప్పి కాలిస్తే పొంగుతుంది. రెండు రొట్టెలు, గిన్నెడు కూరగాయల కూర, పచ్చి ఉల్లిగడ్డ కలిపి 60 రూపాయలు. ఒక్కో రొట్టెకు అరవై గ్రాముల చొప్పున పిండి పట్టినా మొత్తం 120 గ్రాములే, మధ్యాహ్నపు అన్నంలో పట్టిన బియ్యంలో సుమారు సగం. పైగా రొట్టెను తుంచి నమలాలి కాబట్టి తినడం నెమ్మదిస్తుంది, కూర దానంతటదే ఎక్కువ పడుతుంది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ నీళ్లు రాకముందు మన మెట్ట ఊళ్లలో జొన్న, మక్క రవ్వతో వండే గట్క రోజువారీ తిండి. పెద్దవాళ్లు ఈ రొట్టెల కోసం ప్రత్యేకంగా రావడం చూస్తే ఆ రుచి వాళ్లను ఇంకా వదల్లేదనిపిస్తుంది.

మధ్యాహ్నం కూడా ఇలాంటి పాళ్లతో ఒక పళ్లెం పెట్టమని గల్లాపెట్టె దగ్గర యజమానిని అడిగాను: అన్నం రెండు చిన్న గిన్నెలు, పప్పు రెండు గరిటెలు, కూర రెండు గరిటెలు, వేపుడు బదులు ఉడికించిన గుడ్డు, పెద్ద కప్పు పెరుగు, అదే 110 రూపాయలకు. షుగర్ ఉన్నవాళ్లు ఇలాగే అడుగుతున్నారని, గుడ్డు, పెరుగు కలిపితే 120 చేయాల్సి వస్తుందని ఆయన అన్నారు. బోర్డు మీద రాస్తే 120 ఇచ్చి తినడానికి నేను సిద్ధం. అప్పటిదాకా మధ్యాహ్నం వెళ్లేవాళ్లు బకెట్ వచ్చేలోపే ఎంత కావాలో చెప్పడం, పార్శిల్ తీసుకునేవాళ్లు ఒక భోజనానికి రెండు కూరలు అదనంగా కొని ఇద్దరు పంచుకోవడం మంచిది. అలా చేస్తే మనిషికి 75 రూపాయలు పడుతుంది, కూర వాటా కూడా పెరుగుతుంది. రాత్రి రొట్టెలకు మాత్రం ఎనిమిదిన్నరలోపు వెళ్లాలి, ఆ తర్వాత పిండి అయిపోతుంది.