కంగారూ ఐలాండ్: రూమ్ మోసం, నల్ల కాకటూలు మాత్రం సూపర్

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి కంగారూ ఐలాండ్ అనే దీవికి వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, "బాల్కనీలోంచి నల్ల కాకటూలు" (కాకటూ అంటే ఒక రకం చిలుక) అని ఫోటో పెట్టిన రూమ్ కనబడితే అస్సలు బుక్ చేయకండి. రాత్రికి 285 డాలర్లు, పైగా క్లీనింగ్ అని ఇంకో 90 గుంజారు. హీటర్ ఉత్తి బొమ్మ, వేడినీళ్లు ఇద్దరి స్నానానికే అయిపోయాయి, తెల్లారకముందే బాల్కనీ ఎదురుగా తెల్ల కొరెల్లా పిట్టల గుంపు ఒకటే అరుపులు. ఓనర్‌కి ఫోన్ చేస్తే "అవీ కాకటూలేగా" అని నవ్వి పెట్టేశాడు! రూమ్ వెతికింది నేనే కాబట్టి మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

ఫెర్రీ కేప్ జెర్విస్ నుంచి పెన్నెషాకి 45 నిమిషాలు, కారుతో సహా ముగ్గురికి రానూపోనూ 436 డాలర్లు, ఇబ్బందేం లేదు.

అసలు మజా దీవిలోని అమెరికన్ రివర్ అనే ఊళ్లో. అక్కడి షీఓక్ చెట్లు చూడగానే అత్తయ్య "ఇవి మన సరుగుడు చెట్లే కదా బాబూ" అంది, నిజమే, ఆ కుటుంబమే. గ్లాసీ బ్లాక్ కాకటూ ఇక్కడ బతికేదే ఈ చెట్టు కాయల మీద, ఇంకేదీ పెద్దగా ముట్టదు. అందుకే పైకి చూస్తూ మెడ నొప్పి తెచ్చుకోకండి, కింద చూడండి, కొరికి పడేసిన కాయముక్కలు ఇంకా తెల్లగా ఉంటే పిట్ట దగ్గర్లోనే ఉన్నట్టు. మాకు ముందు అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నట్టు టిక్ టిక్ అని చప్పుడు వినబడింది, తలెత్తితే జంట! ఆడదానికి తలమీద పసుపు మచ్చలు, మగది ఎగిరితే తోకలో ఎర్ర పట్టీ. మనుషులున్నారన్న ధ్యాసే లేకుండా తింటూనే ఉన్నాయి, మేం నలభై నిమిషాలు కదల్లేదు, మా ఆవిడ కోపం కూడా అక్కడే పోయింది.

ఈ పిట్ట పెట్టేది ఒక్కటే గుడ్డు, దాన్ని కూడా పోసమ్‌లు (చెట్లెక్కే చిన్న జంతువులు) ఎక్కి తినేసేవి, అందుకని గూళ్లున్న చెట్ల మొదళ్లకి రేకులు చుట్టారు. 1990ల మధ్యలో 160 కూడా లేని పిట్టలు 2019-20 కార్చిచ్చు మంటల్లో దీవి దాదాపు సగం కాలిపోయినా ఇప్పుడు 400 దాటాయి.

స్టోక్స్ బే వైపు ఈ కాకటూ శాస్త్రీయ నామంతోనే లాతమీ పార్క్ ఉంది, గంట తిరిగినా మాకు ఒక్కటీ కనబడలేదు. టైమ్ తక్కువుంటే అది వదిలేసి సాయంత్రం కూడా అమెరికన్ రివర్‌లోనే ఉండండి.