పండు ఈగ ఎర బుట్టలు: ఉలవపాడు మామిడిలో నాలుగు కాపుల వాడకం తర్వాత

పండు ఈగను వాసనతో లాగే మందు, మిథైల్ యూజినాల్ పెట్టిన బుట్ట మంచి వస్తువే. అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే కాయ దక్కదు. ఆ వాసనకు వచ్చేవి మగ ఈగలే. కాయను పొడిచి తొక్క కింద గుడ్లు పెట్టే ఆడ ఈగ బుట్ట ఛాయలకే రాదు. మగవి బాగా తగ్గితే ఆడవాటికి జత దొరకదు, జతకట్టని ఆడ ఈగ గుడ్లు పురుగు కావు. అందుకే కాయ ముదిరాక కడితే ఖర్చు దండగ, అప్పటికే జతకట్టిన ఈగలు తోటలో తిరుగుతుంటాయి. మన బంగినపల్లికి ఫిబ్రవరి ఆఖరుకల్లా బుట్టలు చెట్టెక్కాలి.

ఎకరానికి పది కట్టాలి. రెండు మూడు కడితే ఈగ వచ్చిందని తెలుస్తుందంతే, అదుపు కాదు. ఐదడుగుల ఎత్తున, కొమ్మ నీడలో, ఈగ దూరే కంతలకు ఆకులు అడ్డం రాకుండా వేలాడదీయాలి.

కొన్న బుట్టలకు అడుగున నీళ్లు పోయే దారి లేదు. వేసవి వాన పడితే చచ్చిన ఈగలు లోపలే కుళ్లుతాయి, మేకు కాల్చి మూడు నాలుగు కంతలు పెట్టుకోవాలి. చీమలు ఇంకా మోసం చేస్తాయి. ఈగల్ని ఎత్తుకుపోతే బుట్ట ఖాళీగా కనిపించి, తోటలో ఈగే లేదనిపిస్తుంది. వేలాడే తీగకు గ్రీజు పూస్తే చాలు. పల్చటి మూతలు రెండో ఎండాకాలానికే పెళుసుబారాయి.

బుట్టలో ఉండే ఎర బిళ్లను మన ఎండలకు 45 రోజులకే మార్చడం మేలు. సొంతంగా చేసుకునేవారు ఇథైల్ ఆల్కహాల్ 6, మిథైల్ యూజినాల్ 4, మలాథియాన్ పురుగుమందు 1 పాళ్లలో కలిపి, ప్లైవుడ్ ముక్కల్ని రెండు మూడు రోజులు నానబెట్టాలి. చేతి తొడుగులు తప్పనిసరి. ఎర అంటిన చేత్తో బుట్ట బయట ముట్టుకుంటే ఈగలు అక్కడే వాలి లోపలికి పోవు. కాకర, దోస తోటలకు అమ్మే క్యూ ల్యూర్ అనే వేరే ఎర మామిడికి పనికిరాదు, ప్యాకెట్ మీద పేరు చూసి కొనాలి.

ఇన్ని చేసినా, రాలిన కాయను వదిలేస్తే అంతా వృథా. కాయలోని పురుగు నేలలోకి దిగి గూడు కట్టి, మళ్లీ ఈగై లేస్తుంది. రెండు రోజులకోసారి ఏరి రెండడుగుల గోతిలో పూడ్చాలి. గట్టున కుప్ప పోయడమంటే ఈగల్ని పెంచడమే. కోతయ్యాక పాదులు తిరగదున్నితే మిగిలిన గూళ్లు ఎండకు చస్తాయి.

పక్కనే సపోటా ఉంటే మామిడి కోతతో బుట్టలు దించొద్దు. ఈగ అటు మళ్లుతుంది, కాబట్టి ఎర మార్చి ఆ చెట్లకు కట్టాలి.