వేసవి తోట కిట్ కొంటున్నారా? చలి మీద నెపం పెట్టి మొలవని గింజలు అంటగడుతున్నారు, జాగ్రత్త

విశాఖలో డాబా మీద కూరగాయలు పండించుకునే అక్కలకి, అన్నలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నమస్కారం. రథసప్తమి వస్తోంది. బీర, ఆనప, దోస, బెండ పెట్టాలని చాలామంది ఇప్పుడే గింజలూ ఎరువూ కొంటూ ఉంటారు. మా గ్రూపుల్లో ఒక కిట్ ప్రకటన జోరుగా తిరుగుతోంది. నేను ఆ కిట్ కొని 3,450 రూపాయలు, దాంతోపాటు ఒక నెల పోగొట్టుకున్నాను. డబ్బు కంటే ఆ నెల గురించే నా బాధ. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. సరుకు ఎలా ఉందో, నేనెలా పట్టుకున్నానో మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను. మీ ఇంట్లో ఇప్పటికే ఆ పెట్టె ఉంటే ఈ వారంలోనే చూసుకోవచ్చు.

ధనుర్మాసం మొదలైన వారంలో వీడియో చూసి ఆర్డరు పెట్టాను. 20 రకాల "నాటు" విత్తనాలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకలు రెండు, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) బస్తా ఒకటి, వేపపిండి కొంచెం. ఫోన్‌పేలో ముందే డబ్బు వేయించుకున్నారు. డిసెంబరు 20న ఆటోలో దింపి వెళ్లారు. 22న ప్రోట్రేలు (నారు పోసే గుంటల ట్రేలు) నింపి బెండ, బీర, దోస, కాకర, టమాటా, మిరప వేశాను. ఒక మూల నాలుగు గుంటల్లో మా అత్తయ్య శ్రీకాకుళం నుంచి తెచ్చిన ఆనప గింజలు కూడా గుచ్చాను. అత్తయ్య ఆ రోజే కిట్‌లోని బీర గింజ ఒకటి వేళ్ల మధ్య నొక్కి చూసి, "ఏటమ్మా, ఇవి ఇంత తేలిగ్గా ఉన్నాయి, పప్పు లేనట్టుంది" అంది. నేను పట్టించుకోలేదు. ప్యాకెట్ మీద బొమ్మ బాగుంది, తేదీ కొత్తగా ఉంది, అంతకంటే చూడలేదు.

తొమ్మిదో రోజుకి ఆనప నాలుగూ లేచాయి. కిట్‌లో గింజలు ఒక్కటీ లేవలేదు. 14 రోజులు చూసి జనవరి 5న ఫోన్ చేశాను. "మేడం, చలికాలం కదండీ, విత్తనం నిద్రలో ఉంటుంది, ఫిబ్రవరి దాకా ఆగండి, అన్నీ వస్తాయి" అన్నాడు ఆ అబ్బాయి. మాట చాలా మర్యాదగా ఉంది. డబ్బు తిరిగివ్వమంటే, సరుకు చేరిన ఏడు రోజుల్లో చెప్పాలట, గడువు అయిపోయిందట. అప్పుడు అర్థమైంది నాకు, ఈ వ్యాపారం దేని మీద నడుస్తోందో. చాలా గింజలకి మొలుస్తాయో లేదో తేలాలంటే వారం, పది రోజులు పడుతుంది. చలి రోజుల్లో ఇంకా ఎక్కువ. ఏడు రోజుల గడువు పెట్టి చలికాలంలో అమ్మితే తిరిగొచ్చేవాడు ఉండడు. ఫిబ్రవరి దాకా ఆగిన మనిషి మళ్లీ ఎవరి దగ్గరో కొత్త గింజలు కొని మార్చిలో పెడతాడు. తీగ పందిరెక్కేసరికి మన ఎండలు ముదిరిపోతాయి, పూత రాలిపోతుంది. అలా సీజనే పోతుంది.

చలి మాటలో నిజం లేకపోలేదు. బెండ, బీర, కాకర వేడి కోరే పంటలే. కానీ మన విశాఖ చలి ఎంత? తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు, పది గంటలయ్యేసరికి డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఇది లంబసింగి కాదు. ఈ వాతావరణంలో బెండ నాలుగైదు రోజులకి బదులు ఎనిమిది, పది రోజులు తీసుకుంటుంది. అసలు రాకపోవడం అంటూ ఉండదు. అయినా సరే, అతని మాట అబద్ధమని నేను అనుకుంటే చాలదు కదా. చలి అనే సాకే లేకుండా చూడాలనుకున్నాను.

పాత నూలు చీర చింపి గుడ్డముక్కలు చేశాను. ఒక్కో రకం నుంచి 20 గింజలు లెక్కపెట్టి, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో పరిచి చుట్టి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాను. కాకర గింజకి పెంకు గట్టి కాబట్టి మొన గోళ్లకత్తెరతో కొంచెం కత్తిరించాను. డబ్బాని వంటింట్లో గ్యాసు పొయ్యి పక్క అరలో, రాత్రిపూట దుప్పట్ల మధ్య. అక్కడ చలి లేదు. వాటితోపాటే అత్తయ్య ఆనప గింజలు పది, నేను కిందటేడు దాచుకున్న బెండ గింజలు 20 కూడా పెట్టాను, పోల్చుకోవడానికి. రోజూ పొద్దున ఒకసారి తెరిచి, గుడ్డ ఆరితే చల్లి, మళ్లీ చుట్టేదాన్ని.

భోగి నాడు తెల్లారి మంట దగ్గర నుంచి వచ్చి డబ్బా తెరిచాను. నా పాత బెండ 20లో 16 మొలిచాయి, తెల్లటి వేళ్లు గుడ్డ నేతలోంచి అవతలికి పొడుచుకొచ్చాయి, లాగితే తెగేలా ఉన్నాయి. అత్తయ్య ఆనప పదికి తొమ్మిది. పక్క చుట్టలో కిట్ బెండ 20కి మూడు. బీర రెండు. టమాటా ఐదు. కాకర ఒకటి, అది కూడా వేరు కొస నల్లబడి ఉంది. మిగతావి ముట్టుకుంటే జిగురుగా మెత్తబడి, నొక్కితే లోపల పప్పు పసుపు రంగు ముద్దలా బయటికొచ్చింది, పుల్లటి వాసన. అత్తయ్య నిలబడి చూసి ఏమీ అనలేదు, ఆ చుట్ట తీసుకెళ్లి కంపోస్టు కుండీలో వేసేసింది. మిరప నెమ్మదిగా వస్తుంది కాబట్టి దానికి ఇంకా నాలుగు రోజులు గడువిస్తున్నాను. ఇవాళ పదకొండో రోజు, ఇప్పటికి సున్నా.

ఈ అంకెల్ని దేనితో పోల్చాలో కూడా తెలుసుకోండి. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక శాతం ఇంతని ప్రమాణాలు ఉన్నాయి: బెండకి 65, టమాటాకి 70, మిరపకి 60, బీర, కాకర, ఆనప లాంటి తీగలకి 60. అంటే 20 బెండ గింజల్లో 13 రావాలి. నాకు వచ్చినవి మూడు.

తర్వాత ప్యాకెట్లు ముందేసుకుని కూర్చున్నాను. తేదీ ఉన్న చోట చిన్న తెల్ల స్టిక్కరు అంటించి ఉంది. అన్నిటి మీదా ఒకే తేదీ, ఒకే పెన్ను. బెండ ప్యాకెట్ మీది స్టిక్కరుకి కొబ్బరి నూనె రాసి పావుగంట వదిలేసి, గోటితో అంచు లేపాను. కింద అచ్చు వేసిన పాత తేదీ ఉంది. రెండేళ్ల క్రితంది. మరో మూడు ప్యాకెట్లూ అంతే. మిగతా వాటిని కదపలేదు, అలాగే ఉంచాను, ఫిర్యాదుకి కావాలి. విత్తనాల చట్టం 1966 నాటిది. దాని కింద ప్యాకెట్ మీద రకం పేరు, ఏ దఫా సరుకో చెప్పే లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ ఉండాలి. ధ్రువీకరించిన విత్తనమైతే పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలే గడువు. నా దగ్గరున్న 20 ప్యాకెట్లలో ఒక్కదాని మీదా లాట్ నంబరు లేదు. మన సముద్రపు గాలి తేమకి గింజ మామూలుగానే త్వరగా చచ్చిపోతుంది. రెండేళ్లు ఏ గోదాంలో పడుందో ఆ ప్యాకెట్, ఇంక ఏం మిగులుతుంది దాన్లో.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ ఒక్క సంగతి తప్పకుండా చదవండి. ప్యాకెట్ మీద "నాటు దోస, మందు తగలని విత్తనం" అని ఉంది. విప్పితే గింజలు గులాబీ రంగులో ఉన్నాయి. నానబెడితే నీళ్లు కూడా గులాబీ అయ్యాయి. నాటు గింజకి ఆ రంగు ఉండదు. అది తెగుళ్ల మందు పూసిన విత్తనం, థైరమ్, కాప్టాన్ లాంటివి పూసినప్పుడు గుర్తు కోసం అలా రంగు కలుపుతారు. మందు పూసి అమ్మడం తప్పు కాదు, కంపెనీ విత్తనాలు చాలావరకు అలాగే వస్తాయి. కానీ మందు పూశామని, తినకూడదని లేబుల్ మీద హెచ్చరిక ఉండి తీరాలి. ఇక్కడ హెచ్చరిక లేకపోగా మందే లేదని రాశారు. మా పాప ఆ గింజల్ని అరచేతిలో పోసుకుని ట్రేలో ఒక్కొక్కటీ గుచ్చింది. తర్వాత చేతులు కడిగించాను కాబట్టి సరిపోయింది. కానీ అదే చేత్తో జంతిక తీసుకుని తిని ఉంటే? ఈ విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు.

కోకోపీట్ సంగతి ఆనప మొక్కల వల్ల బయటపడింది. నాలుగూ చక్కగా లేచాయి అన్నాను కదా. వారం తిరిగేసరికి మొదటి ఆకుల అంచులు గోధుమ రంగుకి మాడి, లోపలికి ముడుచుకున్నాయి. నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని ఇంకా పోశాను, ఇంకా మాడాయి. నీళ్ల ఫిల్టరు బాగుచేసే అబ్బాయి దగ్గర నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటరు అడిగి తెచ్చాను. మా కుళాయి నీళ్లు 280 చూపించాయి. అదే నీళ్లలో ఆ కోకోపీట్ గుప్పెడు గంటసేపు నానబెట్టి వడకట్టి చూస్తే 1,900. రంగు చిక్కటి టీ డికాషన్. కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలు ఉంటాయి, పీచుని ఉప్పు కయ్యల నీళ్లలో నానబెట్టి ఉంటే మరీను. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి ఇటుక కొట్టాలి. కడగకుండా కొట్టేసిన ఇటుక చవక, దాన్ని కడిగిన సరుకు ధరకి అమ్ముతారు. నేను ఇటుకని పెద్ద టబ్బులో నానబెట్టి, గోనెసంచిలో పోసి పిండి, మూడుసార్లు నీళ్లు మార్చాక మీటరు 400కి దిగింది. అంటే ఈ సరుకు పారేయక్కర్లేదు, మీ దగ్గరుంటే కడిగి వాడండి. నీళ్లు మాత్రం చాలా పోతాయి. ఆ నీళ్లు మొక్కలకి పోయకండి.

వర్మీకంపోస్ట్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. గాజుగ్లాసులో రెండు చెంచాలు వేసి నీళ్లు పోసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. మంచి వానపాముల ఎరువు టీపొడిలా తేలిగ్గా ఉంటుంది, వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. నా గ్లాసు అడుగున వేలెడు ఎర్రమట్టి, ఇసుక పేరుకున్నాయి. 25 కిలోల బస్తాలో ఎంత ఎరువు కొన్నానో, ఎంత మట్టి కొన్నానో మీరే లెక్కేసుకోండి. వేపపిండి మాత్రం బాగానే ఉంది, ఆ మాట కూడా చెప్పాలి.

ఇవన్నీ ఫొటోలతో ఆ గ్రూపులో పెట్టాను. అరగంటలో నన్ను తీసేశారు. కానీ ఆ అరగంటలో చూసిన గాజువాక అక్క ఒకరు, పెందుర్తి నుంచి ఒక మాస్టారు నాకు విడిగా మెసేజ్ చేశారు. వాళ్లకీ అవే తెల్ల స్టిక్కర్లు, అదే "ఫిబ్రవరి దాకా ఆగండి". మాస్టారైతే రిటైరయ్యాక వచ్చిన మొదటి చలికాలం, డాబా అంతా కొత్తగా స్టాండ్లు వేయించి, రెండు కిట్లు తెప్పించుకున్నారు. మొలవకపోతే తన హస్తవాసి మంచిది కాదనుకున్నారట, ఇంక తోట మానేద్దామనుకున్నారట. ఆ మెసేజ్ చూశాకే ఇది రాయాలని కూర్చున్నాను. మాస్టారూ, మీ చేతిలో లోపం లేదండీ. గింజలోనే ప్రాణం లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ముందుగా గుడ్డ పరీక్ష. రకానికి పది గింజలైనా సరే, ఇవాళ రాత్రే నానబెట్టండి. రథసప్తమి లోపు తేలిపోతే వేరే గింజలు తెచ్చుకునే వ్యవధి ఉంటుంది. కొత్తగా ఆర్డరు పెడితే పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, స్టిక్కరు కింద గోరు పెట్టి చూడండి, ఏడు రోజుల గడువంటే ఏడో రోజు కాదు, మొదటి రోజే నానబెట్టండి. ముందే మొత్తం డబ్బు అడిగి, బిల్లు ఇవ్వనంటే మాత్రం కొనకండి, ఎంత చవకైనా సరే. మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. నేను డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, స్టిక్కరు ముందూ వెనకా ఫొటోలు పెట్టి ఫిర్యాదు చేశాను, ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.

గింజలు ఎక్కడ కొనాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. లేబుల్ సరిగా ఉండి, బిల్లిచ్చే లైసెన్సున్న విత్తనాల కొట్టు ఏదైనా మంచిదే. బెంగళూరు హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు "అర్క" రకాల విత్తనాలు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు, చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి. బెండలో అర్క అనామిక నేను వరసగా పెట్టాను, ఆకుల ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు మా డాబా మీద బాగా తగ్గింది. నేను పైన పరీక్షకి పెట్టిన పాత బెండ గింజలు దాని నుంచి తీసినవే.

అత్తయ్య ఆనప గింజలు ఇంకా గుప్పెడు ఉన్నాయి. బూడిద కలిపి చిన్న మట్టిపిడతలో దాచింది. పొడుగు కాయ కాదు, గుండ్రటిది, పందిరికి నాలుగు పాదులు చాలు. నా బెండ గింజలు ఒక యాభై దాకా ఇవ్వగలను. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి కూరగాయలకి సీతమ్మధార రైతు బజారుకి వస్తాను, గేటు దగ్గర పది నిమిషాలు ఆగుతాను. కావాల్సినవాళ్లు కింద చెప్పండి, పొట్లాలు కట్టి తెస్తాను. మాస్టారూ, మీ పొట్లం విడిగా పెట్టేశాను.