రెటీనా చిరుగుకి లేజర్: ఏళ్ళు గడిచాక నా సమీక్ష

ఈ లేజర్‌ని తిట్టేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. అందరిదీ ఒకటే మాట. "అంత డబ్బు పోశాం, కంటి ముందు ఈగల్లా ఆడే నల్లటి నలుసులు మాత్రం పోలేదండీ." పోవు. కళ్ళజోడు నంబరు కూడా తగ్గదు. చేయించుకున్న మర్నాడు, నిన్న కనపడని అక్షరం ఒక్కటీ కొత్తగా కనపడదు. రెటీనా, అంటే కంటి లోపలి గోడకి అంటుకుని చూపునిచ్చే పలచటి పొర, ఊడిపోకుండా ఆపడం వరకే ఈ లేజర్ పని. ఊడకుండా ఉన్న రెటీనా ఎవరి కంటా పడదు కాబట్టి దానికి మంచి పేరూ రాదు. నా కుడికన్నుకి ఇది చేయించి ఏళ్ళయింది. ఎడమ కంట్లో రెటీనాకి రంధ్రాలున్నా చేయించలేదు. రెండు కళ్ళ సంగతీ కలిపి చెబితే తప్ప ఈ సమీక్ష సగమే అవుతుంది.

నేను విశాఖలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే, మైనస్ ఎనిమిది. మైనస్ అంత ఎక్కువ ఉందంటే కనుగుడ్డు మామూలు కన్నా పొడుగ్గా సాగి ఉందని అర్థం. దాంతోపాటు లోపలి రెటీనా కూడా సాగి, అంచుల్లో పలచబడుతుంది. కంటి లోపల నిండా ఉండే విట్రియస్ అనే జెల్లీలో దాదాపు 99 శాతం నీరే. వయసు మీద పడేకొద్దీ అది నీరుగారి, ముడుచుకుని, రెటీనా నుంచి విడిపోతుంది. మామూలు వాళ్ళకి యాభై, అరవై దాటాక జరిగేది నాలాంటి వాళ్ళకి ముందే వస్తుంది. చాలామందికి దానివల్ల ఏ నష్టమూ ఉండదు. అకస్మాత్తుగా ఈగలు, మెరుపులు కనిపించి ఆసుపత్రికి వచ్చిన వాళ్ళలో మాత్రం, ఇంచుమించు పదిమందిలో ఒకరికో ఇద్దరికో, జెల్లీ గట్టిగా పట్టుకున్న చోట రెటీనాని లాగి చింపేస్తుంది. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కాబట్టి డాక్టర్లు దాన్ని హార్స్‌షూ టేర్ అంటారు. ఆ చిరుగులోంచి నీరు రెటీనా కిందికి చేరితే రెటీనా గోడ నుంచి లేచిపోతుంది. అప్పుడిక లేజర్‌తో అయ్యే పని కాదు, ఆపరేషనే.

నాకు మొదట తెలిసింది క్లాసులోనే. వైట్‌బోర్డు మీద లెక్క చేస్తుంటే నల్లటి నూలుపోగు ఒకటి అంకెల మీదుగా జారింది. డస్టరు పెట్టి తుడవబోయాను. డస్టరుతో పాటే అది కూడా పక్కకి జరిగింది, చెయ్యి ఆపాక ఇంకాస్త దూరం ఈది ఆగింది. పాత పోగులు నాకు కొత్త కాదు, ఇది మాత్రం పెద్దది, చుట్టూ మిరియప్పొడి చల్లినంత నలుసులు కూడా. ఆ రాత్రి దీపం ఆర్పాక తల తిప్పినప్పుడల్లా చెవి వైపు మూలన సన్నటి మెరుపు. నొప్పి లేదు, ఎరుపు లేదు. కొత్త ఈగలు, మెరుపులు, పక్కనుంచి నల్లటి తెర దిగడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్ళమని డాక్టర్లు చెబుతారు. నొప్పి లేదు కదా అని జనం వారాలు గడిపేస్తారు.

దీనికోసం హైదరాబాదో చెన్నైయో పరుగెత్తనక్కర్లేదు. హనుమంతవాక దగ్గర ఎల్‌వీ ప్రసాద్ వాళ్ళ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ప్రైవేటులో రెటీనా డాక్టర్లున్నారు. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా సరిహద్దు నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు. నేనెక్కడ చేయించుకున్నానో చెప్పను, చెబితే ఇది ప్రకటన అయిపోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: కంటిపాపని పెద్దది చేసే చుక్కలు వేసి, రెటీనాని చివరి అంచు దాకా చూడాలి. చిరుగులు ఉండేది అక్కడే. అద్దాల షాపులో నంబరు చూసే మిషను ముందు కూర్చుంటే ఇవి బయటపడవు. అంచులు చూసేటప్పుడు పడుకోబెట్టి, తలకి లైటు కట్టుకుని, రెప్ప మీద చిన్న లోహపు పరికరంతో నొక్కుతారు. నిజం చెప్పాలంటే నాకు లేజర్ కన్నా ఆ నొక్కుడే ఎక్కువ బాధనిపించింది.

చుక్కలు పనిచేయడానికి అరగంట పడుతుంది. ఫోను అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తాయి, కాబట్టి సంతకాలు పెట్టాల్సిన కాగితాలు చుక్కలకు ముందే చదువుకోండి. తర్వాత మొద్దుబార్చే చుక్కలు వేశారు, గడ్డం స్టాండు మీద పెట్టించారు, జెల్ రాసిన మందపాటి లెన్సు ఒకటి నేరుగా కంటికి ఆనించారు. రెప్ప వాల్చుదామన్నా వాలదు. "నుదురు ముందుకు ఆనించండమ్మా. ఎడం కన్నుతో నా చెవి వైపు చూడండి. అంతే, కదలొద్దు." ఇక ఆకుపచ్చటి మెరుపులు, ఒకదాని వెంట ఒకటి, ఒక్కోదానికీ మిషన్లోంచి చిన్న చప్పుడు. మొదట్లో ఏమీ తెలియలేదు. ఒకచోట మాత్రం కంటి లోతులో సూది గుచ్చినట్టు చురుక్కుమంది, ఉలిక్కిపడ్డాను. "అక్కడ నరం ఉంటుందమ్మా, పవర్ తగ్గిస్తాను, చెప్పండి, నొస్తే చెప్పండి" అన్నారు డాక్టరు. రెటీనాకి నొప్పి తెలియదు, దాని వెనక పొర గుండా గడియారంలో మూడు, తొమ్మిది ఉండే దిక్కుల్లో వెళ్ళే నరాలకి తెలుస్తుంది. నా చిరుగు సరిగ్గా అటువైపుంది. కంటి పైభాగాన చిరుగు ఉన్నవాళ్ళు "అసలు నొప్పే లేదు" అంటే నమ్మండి, పక్క భాగాన చిరుగు ఉన్నవాళ్ళు "నొప్పెట్టింది" అన్నా నమ్మండి.

లేజర్ చిరుగుని మూయదు. ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకునే చోటు. చీరకి చిరుగు పడితే సాగిపోకుండా చుట్టూ దగ్గరగా కుట్లు వేస్తాం చూడండి, ఇదీ అంతే. చిరుగు చిరుగులానే ఉంటుంది. దాని చుట్టూ రెండు మూడు వరసల్లో సన్నటి వాతలు పెడతారు. ఆ కాలిన చోట మచ్చ గట్టిపడి రెటీనాని కింది పొరకి అతికిస్తుంది, నీరు ఆ వరస దాటి పోలేదు. ఈ అతుకు ఆ క్షణమే పడదు, బలం రావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి ఆ రెండు వారాలే అసలు జాగ్రత్త.

నా వృత్తి వల్ల నాకు దొరికిన చిన్న ఆనందం ఒకటుంది. సాధారణంగా ఈ పనికి వాడే లేజరు తరంగదైర్ఘ్యం 532 నానోమీటర్లు, పిల్లలు ఆడుకునే ఆకుపచ్చ లేజర్ పాయింటరుదీ అదే. తేడా అంతా పవర్లో. పాయింటరు 5 మిల్లీవాట్లు దాటకూడదు, ఇక్కడ వందల మిల్లీవాట్లు, సెకనులో పదోవంతు చొప్పున. ఆ వెలుగు కంటి ముందు భాగమంతా దాటుకుని వెళ్ళి, రెటీనా కిందున్న నల్లటి రంగు పొర పీల్చుకుంటే అక్కడ వేడి పుడుతుంది. ఈ ఆలోచనకి మూలం సూర్యుడే. 1945లో గ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకున్న ఒక వైద్య విద్యార్థి కంట్లో మచ్చని చూసి, జర్మనీ డాక్టరు గెర్డ్ మేయర్ ష్వికెరాత్‌కి ఇది తట్టింది. మొదట్లో ఆయన నిజంగా సూర్యకాంతినే అద్దాలతో రోగి కంట్లోకి పంపాడు. మబ్బు పట్టిన రోజు వైద్యం బంద్ అన్నమాట. అంతకుముందే, 1920ల్లో, స్విట్జర్లాండ్‌లో జూల్స్ గోనాఁ రెటీనా ఊడటానికి కారణం ఆ చిరుగే, దాన్ని కట్టడి చేస్తే రెటీనా నిలుస్తుందని చూపించాడు. అప్పటిదాకా ఊడిన రెటీనా అంటే ఆ కన్ను పోయినట్టే లెక్క.

మిషను ముందు నుంచి లేచాక కాసేపు ఆ కంటికి అంతా గులాబీ రంగు చీకటి. భయపడనక్కర్లేదు, కొద్దిసేపట్లో సర్దుకుంటుంది. చుక్కల ప్రభావం మాత్రం కొన్ని గంటలు ఉంటుంది. మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను, బీచ్ రోడ్డు మీదుగా రాకండి. మావారి స్కూటరు వెనక కూర్చుని, నల్లద్దాలు పెట్టుకుని కూడా, సముద్రం మీద ఎండ కొట్టే వెలుగుకి కళ్ళు చేతులతో మూసుకునే వచ్చాను. బండి మీరు నడపొద్దు, అది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంట్లో అత్తయ్య పథ్యం పెట్టేసింది. వంకాయ బంద్, గోంగూర బంద్, నీచు బంద్, పొన్నగంటి కూర మాత్రం రోజూ. డాక్టరు పథ్యమేమీ లేదని చెప్పినా "వాళ్ళలాగే అంటారు" అంది. తలస్నానం చెయ్యొచ్చు, టీవీ చూడొచ్చు, చదవొచ్చు. నాకు వద్దన్నవి బరువులెత్తడం, గెంతులు, కుదుపుల ప్రయాణం, అవి కూడా కొద్దివారాలు. వీటి మీద డాక్టరు డాక్టరుకీ మాట మారుతుంది, మీ డాక్టరు చెప్పిందే పట్టుకోండి. విమానం ఎక్కొచ్చా అని నన్ను చాలామంది అడిగారు. లేజర్ ఒక్కటే అయితే అడ్డు లేదు. రెటీనా ఊడి, ఆపరేషన్లో కంట్లో గ్యాసు నింపిన వాళ్ళు ఆ గ్యాసు కరిగేదాకా ఎక్కకూడదు, పైకెళ్ళేకొద్దీ గ్యాసు వ్యాకోచించి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మా కాలేజీలో ఒకాయనకి ఆ ఆపరేషన్ అయితే, సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు కూడా వద్దన్నారు. ఆయన రోజుల తరబడి తల వంచుకుని బోర్లా పడుకున్నారు. లేజర్‌కి, దానికి ఖర్చులోనూ కష్టంలోనూ పోలికే లేదు.

ఖర్చు సంగతి. నాకు కంటికి వేలల్లోనే అయింది, లక్షల మాట లేదు. ఇన్సూరెన్సు కంపెనీ మాత్రం "అడ్మిట్ కాలేదు కదా" అని తిప్పికొట్టింది. డే కేర్ చికిత్స అని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించి మళ్ళీ పంపితే, ఎన్నో ఫోన్ల తర్వాత కొంత ఇచ్చారు. ఆ లెటరు బిల్లు కట్టేటప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇక ఎడమ కన్ను. కుడికన్ను అయ్యాక మరోచోట చూపిస్తే, అక్కడి వాళ్ళు ఎడమ కంట్లో లాటిస్ ఉంది, గుండ్రటి రంధ్రాలున్నాయి, ఈరోజే లేజర్ కొట్టించుకోండి, ఆలస్యమైతే చూపు పోతుంది అన్నారు. కౌంటర్లో బిల్లు కూడా సిద్ధం. అప్పటికే ఒక కన్ను భయపెట్టింది కాబట్టి ఎవరైనా సరేనంటారు. నేను ఫైలు పట్టుకుని నా పాత డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలాసేపు చూసి, బొమ్మ గీసి చూపించారు. లాటిస్ అంటే అంచుల్లో రెటీనా పలచబడిన పట్టీలు. జనాభాలో నూటికి ఆరు నుంచి పది మందిలో ఉంటుంది, వాళ్ళలో అత్యధికులకి జీవితాంతం ఏమీ కాదు. నా రంధ్రాలు పలచబడి పడినవి, వాటిని జెల్లీ లాగడం లేదు, పక్కన నీరు లేదు, మెరుపులూ లేవు. "ఇప్పుడు వద్దమ్మా, ఏడాదికోసారి చూద్దాం, ఏ చిన్న తేడా వచ్చినా ఆ రోజే రండి" అన్నారు. కుడికంటి లెక్క వేరు. లక్షణాలతో వచ్చిన గుర్రపు నాడా చిరుగుని వదిలేస్తే కనీసం సగం మందికి రెటీనా ఊడుతుంది, వెంటనే లేజర్ చేస్తే ఆ ప్రమాదం నూటికి ఐదు లోపుకి పడిపోతుంది. అదే లేజరు, అదే మిషను, ఒక కంటికి అత్యవసరం, ఇంకో కంటికి అనవసరం.

అలాగని రంధ్రాలకి చేసేవాళ్ళందరూ మోసగాళ్ళని అనను. ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిన చరిత్ర ఉన్నా, ఆ మనిషి ఉండే ఊరికి కంటి ఆసుపత్రి చాలా దూరమైనా, కొందరు డాక్టర్లు ముందే చేస్తారు. లాసిక్ ఆపరేషన్‌కి ముందు కూడా. మా ఆడపడుచు కూతురికి అలాగే చేశారు, నేను కాదనలేదు. లాసిక్ నంబరు తీసేస్తుంది గానీ కన్ను పొడుగుని తగ్గించదు, రెటీనా పాత మైనస్ కంటిదే. కానీ ఎందుకు చేస్తున్నారో చెప్పించుకోవాలి. "చూపు పోతుంది" అన్నది కారణం చెప్పినట్టు కాదు.

ఇన్నేళ్ళలో కుడికన్ను ఎలా ఉందంటే, మెరుపులు నెలల మీద సన్నగిల్లి ఆగిపోయాయి. ఆ నూలుపోగు ఇంకా ఉంది. ఎండలో, తెల్లగోడ ముందు, పేపర్లు దిద్దేటప్పుడు వస్తుంది, మిగతా వేళల్లో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది. కాల్చినచోట రెటీనాకి చూపు ఉండదు కాబట్టి అంచున చూపు కాస్త పోవాలి, నాకు ఎప్పుడూ తెలియలేదు. మొదటి చెకప్‌లో ఒక చివర వరస పలచగా ఉందని మరికొన్ని వాతలు కలిపారు. ఇది మామూలేనట, ఎవరికైనా అలా చెబితే మొదటిది పాడైందని గాబరా పడకండి. కొత్తచోట కొత్త చిరుగు పడితే మాత్రం పాత లేజరు కాపాడదు. అందుకే ఏటా చుక్కలు, అరగంట కూర్చోవడం, ఆ నొక్కుడు తప్పవు. సెలవులు చూసుకుని వెళ్తాను, ఆ రోజు క్లాసు పెట్టుకోను.

ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లం మొదలైంది, మైనస్ ఎక్కువున్నవాళ్ళకి అదీ ముందే వస్తుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత నాలాంటి కళ్ళకి రెటీనా ఊడే ప్రమాదం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ, అందువల్ల రెటీనా డాక్టరు మళ్ళీ అంచులు చూసి సరేనన్నాకే తేదీ ఇస్తారు. కుడికన్నుకి అభ్యంతరం లేదన్నారు. ఎడమదాన్ని వచ్చే చెకప్‌లో చూసి, రంధ్రాల పక్కన నీరు చేరిందనిపిస్తే ఈసారి దానికీ లేజరే అన్నారు. సరేనన్నాను.